మాటయు సంజ్ఞయు

సూరత్ నగరమున 'పురా' అను మాటతో ముగియు పేటలు పెక్కు కలవు. వానిలో సలాబత్‌పురా నేతపనికి పేరుపడినది. రింగు రోడ్డు వెంబడి నిలిచిన బట్టల మార్కెట్లు దీనిని ఆనుకొనియే యున్నవి. మార్కెట్టులో చీర చుట్టును మాటలే. దళారి మాట, సేఠు మాట, బేరమునకు వచ్చినవాని మాట ఒకదానిపై నొకటి పడుచుండును. అట్టి చీర పుట్టు షెడ్డులో మాత్రము మాటకు తావు లేదు. నాడె పరుగులెత్తు మరమగ్గములు వరుసలుగా ఆడుచున్నచోట చప్పుడు 90 డెసిబెళ్లు దాటి 100 దాకా పోవును. ఇద్దరు మనుష్యులు మామూలుగా మాటాడుకొనునపుడు అది 60కి అటునిటుగా నుండును. కావున షెడ్డులో కంఠము వృథా. చేయి, కన్ను, పెదవి ఇవియే మిగిలినవి.

అక్కడ పనిచేయువారు ఒక్క భాషవారును కారు. ఒడిశాలోని గంజాం ప్రాంతమువారు విశేషముగా నున్నారు. మరాఠీవారును, ఉత్తరాదివారును కలరు. తెలంగాణపు పద్మశాలీలును కలరు. చేతిమగ్గము కూడు పెట్టలేకపోయినపుడు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములు విడిచి షోలాపూరుకు, భివండీకి, బొంబాయికి, సూరతుకు తరలిన కుటుంబముల వారు వీరు. పడుగు పేకలు వీరికి పుట్టుకతో వచ్చిన విద్య. గుజరాతీ మాత్రము పొట్టకూటికై నేర్చినది.

సాహిత్యవిమర్శకు ఈ షెడ్డుతో పనియేమి యని అడుగవచ్చును. పని కలదు. మాట లేకయే మనసు తెలుపవచ్చునా, అట్లు తెలిపినది కావ్యమునకు చెందునా యను ప్రశ్న భారతీయాలంకారశాస్త్రమున మిక్కిలి పాతది. ఆ ప్రశ్నను శాస్త్రకారులు రాజసభలలోను, విహారోద్యానములలోను ఉంచి పరీక్షించిరి. పనిచోటున ఉంచి పరీక్షింపలేదు.

దండి తన కావ్యాదర్శమున 'సూక్ష్మము' అను అలంకారమును చెప్పినాడు. ఇంగితము వలన గాని ఆకారము వలన గాని గ్రహింపదగిన అర్థము సూక్ష్మము. అతడిచ్చిన ఉదాహరణము సొగసైనది. చుట్టును జనమున్నారు. మరల కలియుట ఎప్పుడని అడుగదలచియు ప్రియుడు అడుగలేకున్నాడు. ఆమె అది కనిపెట్టి చేతిలోని లీలాకమలమును ముడిచినది. తామర ముడుచుకొనునది రాత్రి గదా. ప్రియునికి జవాబు అందినది. భామహునికి ఇది రుచింపలేదు. హేతువు, సూక్ష్మము, లేశము అనునవి అలంకారములే కావని ఆతని తీర్పు; వానిలో వక్రోక్తి లేదని ఆతని ఆక్షేపము. ఆ మూడే వాక్కునకు మేలైన నగలని దండి పట్టుదల. దీనిని పట్టికల తగవుగా చూచి విడిచిపెట్టుట పండితులకు వాడుకయైనది. అది అన్యాయము. భామహుని ప్రశ్నలో నిజమైన బలమున్నది. పూవు ముడిచినది ఆమె. ఆ చాతుర్యము ఆమెది. దానిని చూచి చెప్పిన కవి తన మాటతో చేసినదేమి?

దీనికి తగిన జవాబు తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ఇచ్చినాడు. ధ్వన్యాలోకమున ఆతడు లీలాకమలపు పద్యములను రెండింటిని చేరువగా నుంచి చూచినాడు. ఒకదానిలో విటునికి సంకేతకాలము తెలుపుటకై తెలివిగల స్త్రీ పూవును ముడిచినది. అయితే కన్నులలో ఆమె తలపును చూపినదని కవి తానే చెప్పివేసినాడు. సంజ్ఞ చేయవలసిన పనిని మాట ముందుగనే చేసినది గనుక అది ధ్వని కాదు పొమ్మన్నాడు. రెండవది కుమారసంభవములోని ఆరవ సర్గమునందలిది. అంగిరసుడు హిమవంతుని సన్నిధిని శివునికై పార్వతిని అడుగుచున్నాడు. తండ్రి ప్రక్కన తలవంచుకొనియున్న పార్వతి చేతిలోని తామర రేకులను లెక్కించినది. సిగ్గని గాని, సంతోషమని గాని కాళిదాసు అనలేదు. రేకులు లెక్కించినదనుట తప్ప వేరు మాట లేదు. ఇది ధ్వని.

ఆనందవర్ధనుని తీర్పు తిరుగులేనిది. అయితే ఆతడు ఆగినచోటునకు తరువాతి శ్లోకమును కూడ చూడవలసియున్నది. హిమవంతునికి ఆ సంబంధము ఇష్టమే, కోరిక తీరినదనియే ఆతని భావము. అయినను ఆతడు వెంటనే నోరు విప్పక మేన ముఖము వైపు చూచినాడు. కూతురి విషయమున గృహస్థునకు భార్యయే కన్ను. ఒక్క క్షణమున ఆ యింట ఇద్దరు మాటలాడక మాటలాడినారు. కూతురు పూవుతో, తండ్రి చూపుతో. ఈ రెండింటిని అర్థము చేసికొనుటకు ఋషికి గాని పాఠకునికి గాని నిఘంటువు అక్కరలేదు. పెండ్లిమాట నడుచుచున్న ఇల్లు ఎట్లుండునో అందరికి తెలియును. సంజ్ఞ ఆ తెలివిపై నిలిచియున్నది. దండి చూపిన కమలము సైతము అంతే. తామరకొలను చూడని దేశపువానికి అది రాత్రిని తెలుపదు. పూవు నలిపినదని మాత్రమే ఆతనికి తోచును. మమ్మటుడు కావ్యప్రకాశమున వ్యంగ్యము స్ఫురించుటకు తోడ్పడు వానిని పేర్కొనుచు, చెప్పువాడు, వినువాడు, కాకువు, దేశము, కాలము మొదలగు వానిని చెప్పి, ఆ 'మొదలగు' అనుదానిలో చేష్టను చేర్చినాడు. చేష్ట చివరకు, అది కూడ వివరణలో, వచ్చుట యాదృచ్ఛికము కాదేమో. చెప్పువాడు, వినువాడు, దేశకాలములు కుదిరిన తరువాతనే చేతి సైగకు అర్థము పుట్టును.

ఇంతకంటె గట్టి ఉదాహరణము తెలుగు పాఠకునికి చేరువలోనే కలదు. విరాటసభలో కీచకుడు ద్రౌపదిని తన్నినాడు. పాండవులు అజ్ఞాతవాసమున నున్నారు. నిజము పలికినచో వ్రతము చెడును. భీముడు పండ్లు కొరుకుచున్నాడు. వ్యాసభారతమున ధర్మరాజు తన బొటనవ్రేలితో భీముని బొటనవ్రేలిని నొక్కి ఆపినాడు. అంతే. నిండుసభలో ఎవరికిని తెలియలేదు; తెలియవలసిన వానికి తెలిసినది. తిక్కన చేతిలో ఈ ఘట్టము మాటల వైపు తిరిగినది. భీముని చూపు ఎదుట నున్న చెట్టుపై పడినది. ఆ చూపును కంకభట్టు పట్టుకొని, వంటకట్టెలకు చెట్లు వేరుచోట లేవా, పలువురకు ఆశ్రయమైన ఈ చెట్టును విరుచుట తగునా యన్న తీరున వలలుని మందలించినాడు. సభకు అది వంటవానికి చెప్పిన బుద్ధి. తమ్మునికి అది అన్న ఆజ్ఞ. వ్యాసుని బొటనవ్రేలు గొప్పదా, తిక్కన చెట్టు గొప్పదా యని తూచనక్కరలేదు. కాని విమర్శకుడు ఒక్కటి గుర్తింపవలెను. బొటనవ్రేలు 'ఆగుము' అని మాత్రమే చెప్పగలదు. ఎందుకు ఆగవలెనో, ఈ విరాటుని నీడలో ఎందరి బ్రదుకు నిలిచియున్నదో చెప్పుటకు తిక్కనకు మాట కావలసివచ్చినది.

చేయి చేతిని నొక్కి సభలో రహస్యము నడుపుట కావ్యములకే చెల్లినది కాదు. 17వ శతాబ్దమున సూరతు నుండి గోల్కొండకు పోవు బాటలో తిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్, 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, రావల్కొండ గనిచెంత వజ్రముల బేరము ఎట్లు సాగునో వర్ణించినాడు. ఆ గనిని నేటి కర్నూలు జిల్లాలోని రామళ్లకోటగా గుర్తించినారు. అమ్మువాడు, కొనువాడు ఎదురెదురుగా కూర్చుందురు. నడుమునకు కట్టిన గుడ్డను విప్పి, దాని మాటున ఒకని కుడిచేతిని మరియొకడు పట్టుకొనును. చేతినంతయు పట్టిన వేయి. ఎన్నిమార్లు నొక్కిన అన్ని వేలు. అయిదు వ్రేళ్లు పట్టిన అయిదువందలు, ఒక్క వ్రేలైన నూరు, నడిమి కణుపు దాక పట్టిన ఏబది, కొన మాత్రము పట్టిన పది. చుట్టును జనము చూచుచుండగనే సరుకు పలుమార్లు చేతులు మారవచ్చును. వెల యెంతయో ప్రక్కవానికి తెలియదు. నేడు ప్రపంచపు వజ్రములలో పెద్దభాగము సానపట్టబడునది ఈ సూరతులోనే గనుక, ఈ పాతకథ ఈ ఊరి కథయే యనుటలో తప్పులేదు.

ఈ వ్రేళ్ల భాష కంటె నిక్కచ్చియైన సంజ్ఞాభాష కావ్యములలో కనబడదు. లీలాకమలమునకు రెండర్థములు తీయవచ్చును. నడిమి కణుపునకు తీయరాదు. కాని ఆ నిక్కచ్చితనము దేనివలన వచ్చినది? అది అంకెలు తప్ప మరేమియు చెప్పదు గనుక వచ్చినది. రాతిలోని మచ్చను గూర్చి, బాకీని గూర్చి, ఇంటనున్న రోగిని గూర్చి ఆ గుడ్డ మాటున చెప్పవలెనన్న వ్రేళ్లు చాలవు. ఇంకొకటి. ఆ ఇద్దరును మాటాడలేనివారు కారు. మాటాడిన నష్టమని ఎంచి మానినవారు. పార్వతియు పలుకగలదు, ధర్మరాజు పలుకులకు కొదువ లేనివాడు. శాస్త్రము ఉదాహరించిన మౌనములన్నియు మాట కలవారి మౌనములే.

సలాబత్‌పురా షెడ్డు ఇక్కడ అడ్డుపడును. యంత్రపు రొదలో సైగలతో బ్రదికినవారి వృత్తాంతము ఇంగ్లండులోని లాంకషైర్ పత్తిమిల్లుల వలన లోకమునకు బాగుగా తెలిసినది. అచటి నేతపని స్త్రీలు పెదవులను సాగదీసి, ముఖమంతయు ఆడించి, చప్పుడు లేని పలుకులతో మగ్గముల వరుసకు ఆవల నున్న వారితో ముచ్చటించెడివారు. దానికి 'మీమాయింగ్' అని పేరు. ఇంటికి వచ్చిన పిదపను ఆ అలవాటు వారిని విడువలేదు. పెదవిచదువు వారికి రెండవ చదువైనది. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున హాస్యనటుడు లెస్ డాసన్ టెలివిజనులో దానిని అనుకరించి జనమును నవ్వించినాడు. ఆ నవ్వులో ఎకసక్కెము కంటె బంధుత్వమే ఎక్కువ.

లాంకషైర్ కథను సూరతునకు ఉన్నదున్నట్లు తెచ్చి అతికింపరాదు. ఆ స్త్రీలు మాట లేకుండ మాటాడినవారు కారు. ధ్వని లేకుండ మాటాడినవారు. పెదవులపై ఆడినది వారందరికి తల్లిబాసయైన మాండలికమే. వినబడకున్నను అది భాషయే. దానితో ఎత్తిపొడుపు, ఓదార్పు, ఇరుగుపొరుగు రట్టు అన్నియు సాగినవి. సలాబత్‌పురాలో ఒక తెలుగువాడును మరియొక తెలుగువాడును చేరువనున్న మగ్గములపై నిలిచిరేని ఇట్లే సాగవచ్చును. ప్రక్కవాడు గంజాం నుండి వచ్చినవాడైనచో ఆతని పెదవులు తెలుగువానికి మూసిన పుస్తకము. అప్పుడు పెదవి పోయి చేయి ఒక్కటే మిగులును. పోగు తెగినది, కండె అయినది, యజమాని వచ్చుచున్నాడు, టీకి పోదము. పన్నెండు గంటల పాళికి ఇంతమాత్రము చాలును. మగ్గము ఆగదు, మీటర్ల లెక్క తప్పదు. బయటినుండి చూచువానికి అది ముచ్చటగొలుపు దృశ్యము. భాషలు వేరైన మనుష్యులు మాట లేకయే ఒక్కటై పనిచేయుచున్నారని వ్యాసము వ్రాయబుద్ధి పుట్టును. అట్టి వ్యాసము సగము నిజము. కూలిరేటు తగ్గించినపుడు ఏమి చేయవలెనని ఆ ఇద్దరు ఆలోచింపదలచిరేని చేయి చాలదు. ఎందుకనగా సంజ్ఞ ఇద్దరికిని ముందే తెలిసినదానిని మాత్రమే తెలుపును. తెలియనిదానిని తెలుపుటకు, తెలిసినదానిని కాదనుటకు మాట కావలెను.

అయినను ఆ షెడ్డు మాటను పూర్తిగా చంపలేదు. అది తన అవసరముకొలది కొన్ని మాటలను పుట్టించి అందరి నోట నుంచినది. గుజరాతీలో యంత్రమును 'సంచో' అందురు. సిరిసిల్ల నేతగాడు మరమగ్గమును 'సాంచా' యనును. ఒక్క మాటయే రెండు ఊళ్ల యాసలో పలుకుచున్నది. తెలుగువానికి 'ఖాతా' యనగా లెక్కల పుస్తకము, బ్యాంకు గుర్తుకు వచ్చును. సూరతులో మగ్గములాడు షెడ్డే ఖాతా. సేఠు, పగారు, పాళి అన్ని భాషలవారికి ఒక్కటే. గుప్పెడు మాటలవి; ఏ ఒక్క సాహిత్యభాషకును చెందనివి. భాషాశాస్త్రజ్ఞుడు వీనిని ఏరి భద్రపరచుకొనును. సాహిత్యకారుడు వీనివంక చూచుట అరుదు.

ఈ ఊరు మాటల విలువ యెరుగనిదా యన్న కాదు. ఆధునిక గుజరాతీ గద్యమునకు తండ్రియని పేరొందిన నర్మదాశంకరుడు, జనము నోట నర్మదుడు, 1833లో సూరతులోనే పుట్టినాడు. ఇరువది యేండ్లు నిండక మునుపే, 1851లో, మండలిగా కూడుట వలని లాభములను గూర్చి ఆతడు చేసిన ప్రసంగమును గుజరాతీలో తొలి వ్యాసముగా పరిగణింతురు. మనుష్యులు ఒకచోట చేరి మాటాడుకొన్నచో ఏమగునన్నదే ఆతని తొలి చింత యగుట గమనింపదగినది. 1864లో ఆతడు నడిపిన పత్రిక పేరు 'డాండియో', అనగా కర్ర. మాటలతో నిండిన పత్రికకు మాట కాని చప్పుడును పేరుగా పెట్టుట ఆతని చమత్కారము; నిద్రించువానికి ఉపన్యాసము వినబడదు, కర్రదెబ్బ వినబడును. పిదప ఒక్కచేతిమీదుగా దాదాపు 25 వేల పదములను కూర్చి, సొంత సొమ్ము వెచ్చించి, 1873లో 'నర్మకోశ'మును ప్రకటించినాడు. ఇట్టి మాటల మనిషియే 1866లో ఆత్మకథ వ్రాసి, కొలది ప్రతులు మాత్రము అచ్చువేయించుకొని, తన జీవితకాలమున లోకమునకు విడువలేదు. 1886లో ఆతడు గతించినాడు. ఆ గ్రంథము 1933లో గాని వెలుగు చూడలేదు. ఏది పలుకవలెనో, ఏది ఎప్పటికి దాచవలెనో నిర్ణయించుకొను హక్కు ఆతనికున్నది. ఆతని మౌనమును కూడ గుజరాతీవారు సాహిత్యచరిత్రలో ఒక ఘట్టముగా చెప్పుకొందురు.

సాంచా ముందు నిలిచినవానికి ఆ హక్కు లేదు. ఆతని మౌనమును గూర్చి భారతీయభాషలలో వెలసిన కవిత్వము తరచుగా ఒక్క దారినే నడచినది. ఆతడు మూగ, కవి ఆతని గొంతు. అభ్యుదయకవిత్వపు మేలి రచనలను విడిచినచో తెలుగులోను ఈ పోకడ కొల్లలుగా కలదు. దీనిలో సానుభూతి యున్నది, సందేహము లేదు. కాని తప్పును ఉన్నది. ఆతడు మూగవాడు కాడు. వాని నోట తెలంగాణపు పలుకుబడి యంతయు నున్నది. మార్కండేయపురాణము చెప్పగలడు, పద్మశాలి కులమున ఎవరింటి పిల్ల నెవరికిచ్చిరో ఏడుతరములు చెప్పగలడు. యంత్రము ఆ మాటను మింగినది. ప్రక్కవాని భాష దానికి చెవి కాలేదు. మూగయని కవి వ్రాసినపుడు ఈ రెండు కారణములును మరుగుపడి, లోపము ఆ మనిషిదే యైనట్లు తోచును. ఆనందవర్ధనుడు కమలపు పద్యమున ఎంచిన దోషము ఇట్టిదే. సంజ్ఞను చూపుటకు మారుగా కవి దాని అర్థమును తానే చెప్పివేసినాడు. ఇచ్చట చెప్పిన అర్థము సరియైనదియు కాదు.

ఈ షెడ్డు నుండి రాదగిన కావ్యము వేరుగా నుండవలెను. దానిలో నేతగాడు ఖాతాలో చేయెత్తి రెండు వ్రేళ్లు చూపును, ఇంటికి పోయి కడుపునిండ మాటాడును. ఈ రెండింటి నడుమ నున్న దూరమే కథ. సైగను వర్ణించి అర్థమును పాఠకునికి విడుచుట కాళిదాసు నేర్పిన విద్య. అంత సైగకు దిగవలసివచ్చిన కారణమును మాటలలో పెట్టుట తిక్కన నేర్పినది.

ఇంటిసంగతి యనినను అంత సుళువు కాదు. నిత్యము పన్నెండు గంటలు ఆ రొదలో నిలిచినవానికి ఏండ్లు గడచినకొలది చెవి మందగించును. ఇది వైద్యులు ఎన్నడో తేల్చిన విషయము. చెవి పోయినవాడు ఎదుటివాని పెదవులపై ఆధారపడును. తనకు పుట్టుకతో వచ్చిన భాష పలుకు పెదవులనే ఆతడు సులువుగా చదువగలడు. సూరతు మునిసిపాలిటీ ప్రాథమికపాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లములతోపాటు తెలుగులోను చదువు చెప్పుచు వచ్చినవి. తెలుగు పిల్లలందరును ఆ బడులకే పోవలెనని నియమమేమియు లేదు. బజారులో నెగ్గుకొని వచ్చుటకు గుజరాతీయో హిందీయో మేలని తలచు తల్లిదండ్రులను తప్పుపట్టుటకు వీలు లేదు. అట్టి యింట కొడుకు హిందీలో పలుకును. తండ్రి ఆతని పెదవులవంక చూచును. ఆ పెదవులు కదలుచున్నవి, ముఖమున ప్రేమయు కనబడుచున్నది, అన్నము తిన్నావా యన్నంతవరకు చేతిసైగ ఉండనే యున్నది. అంతకు మించి కొడుకు ఏదో చెప్పబోవును. తండ్రి తల యూపును. అర్థమై యూపినాడో, కొడుకు నొచ్చుకొనకుండుటకు ఊపినాడో ఆ కొడుకునకు తెలియదు.